పూచీ

పాత విమానాల మాట వచ్చిందంటే చాలు, ఎవరో ఒకరు థీసియస్ ఓడని లాక్కొస్తారు. పలకలు ఒక్కొక్కటే మారుస్తూ పోయాం, చివరికి మొదటి పలక ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడిది అదే ఓడా, వేరే ఓడా? ఈ ప్రశ్న కోసం గ్రీసు దాకా వెళ్లక్కర్లేదు. మిలిందపన్హలో నాగసేనుడు గ్రీకు రాజునే నిలబెట్టి అడుగుతాడు: రథమంటే ఇరుసా, చక్రాలా, నొగలా? ఏదీ కాదని రాజు ఒప్పుకోవాల్సి వస్తుంది. అన్నీ ఒకచోట కుదిరినప్పుడు మనం పెట్టుకున్న పేరే రథం.

ఇష్టమైన ప్రశ్నే. కానీ రెండేళ్లుగా శనివారాలన్నీ ఒక పాత విమానం పక్కన గడిపాక, ఇది రథాన్ని గట్టు మీద నిలబడి చూసేవాడి ప్రశ్న అనిపించడం మొదలైంది. అందులో ఎక్కబోయేవాడు అడిగేది వేరు. ఈ ఇరుసు ఎవరు చేశారు? దారిలో విరిగితే ఎవరు జవాబు చెబుతారు? తెలుగులో దీనికి పాత మాట ఒకటుంది: పూచీ. అప్పు పత్రాల్లోనూ కోర్టు కాగితాల్లోనూ తప్ప ఇప్పుడు పెద్దగా వినపడదు. ఈ వ్యాసం దాని గురించే.

ఆ విమానం ఏరోంకా చీఫ్. 1946లో ఒహాయో రాష్ట్రంలోని మిడిల్‌టౌన్‌లో తయారైంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది, ఇళ్లకి తిరిగొచ్చిన పైలట్లందరూ కార్లు కొన్నట్టు విమానాలు కొంటారని అమెరికా కంపెనీలు ఆశపడిన కాలం అది. పక్కపక్కనే రెండు సీట్లు, 65 హార్స్ పవర్ కాంటినెంటల్ ఇంజను, ఉక్కు గొట్టాలతో అల్లిన శరీరం, చెక్క వెన్నుతో రెక్కలు, వాటి మీద బిగించిన బట్ట. ఆ ఆశ ఎక్కువ కాలం నిలవలేదు. 1951కల్లా ఆ కంపెనీ చిన్న విమానాలు చేయడమే మానేసింది. విమానాలు మాత్రం మానలేదు, ఇప్పటికీ ఎగురుతున్నాయి.

దాని యజమాని డెబ్బై దాటిన పెద్దాయన. పనిచేసినంత కాలం ఫ్యాక్టరీలో అచ్చులు, పనిముట్లు చేసిన మనిషి. నేను ఉద్యోగం కోసం ఈ రాష్ట్రానికొచ్చినవాణ్ణి. నాకు విమానం నడపడం రాదు, కంప్యూటర్ మీద డ్రాయింగులు గీయడం వచ్చు. ఆయనకి నా గీతలతో పనిపడింది, నాకు ఆయన మాటలతో.

*

ఎనభై ఏళ్లలో ఆ విమానంలో ఏమేం మారాయో లాగ్‌బుక్కులు తిరగేస్తే తెలుస్తుంది. ఇంజను మారింది. బట్ట చాలాసార్లు మారింది: మొదట్లో నూలు బట్ట, ఇప్పుడు పాలియెస్టర్. ఎడమ రెక్క వెన్ను మారింది. చక్రాలు, తీగలు, అద్దాలు సరేసరి. మారనిదల్లా అరచేతిలో పట్టేంత రేకు ముక్క ఒకటి. దాని మీద కంపెనీ పేరు, మోడల్, వరుస సంఖ్య ఉంటాయి. అనుమతి లేకుండా ఆ ప్లేటు మార్చడం, అందులో అంకె దిద్దడం అమెరికా నిబంధనలకి విరుద్ధం.

పూరీ జగన్నాథుడి నవకళేబరం గుర్తొస్తుంది నాకు. 1996లో జరిగింది, మళ్లీ 2015లో. కొత్త వేపదారువుతో విగ్రహాలు చెక్కి, పాతవాటిలోని బ్రహ్మపదార్థాన్ని కొత్తవాటిలోకి మారుస్తారు. మార్చే దైతాపతుల కళ్లకి గంతలుంటాయి. ఆ పదార్థం ఏమిటో ఎవరూ చూడకూడదు. దేహం కొత్తది, దేవుడు పాతవాడే. విమానాల లోకంలో ఆ బ్రహ్మపదార్థం ఈ రేకు ముక్క. బురదలోంచో సముద్రంలోంచో తీసిన స్పిట్‌ఫైర్ శకలాల్లో పనికొచ్చేది పిడికెడే ఉన్నా, ఆ గుర్తింపు చుట్టూ విమానం మొత్తం కొత్తగా కట్టి ‘ఇది ఆ యుద్ధంలో ఎగిరిన విమానమే’ అంటారు. కాదనేవాళ్లూ ఉన్నారు. వాషింగ్టన్ మ్యూజియంలో ఉన్న రైట్ సోదరుల 1903 విమానానికి కూడా ఒంటి మీద అప్పటి బట్ట లేదు. 1927లో ఆర్విల్ రైట్ స్వయంగా మార్పించాడు, 1985లో మ్యూజియం వాళ్లు మళ్లీ మార్చారు. దాన్ని ఎవరూ నకలు అనరు.

దేవుడి విషయంలోనూ మ్యూజియం విషయంలోనూ ఈ లెక్క సరిపోతుంది. ఎగిరే విమానానికి సరిపోదు. ప్లేటు పేరు చెబుతుంది గానీ రెక్కని మోయదు. మోసేవి బోల్టులు, చెక్కలు, తీగలు. వాటికి పేరు ఉండదు. వాటి వెనక మనిషి ఉన్నాడా లేదా అన్నదే ప్రశ్న.

*

పాత విమానానికి ముక్క కావాలంటే మూడు దారులు.

మొదటిది వెతకడం. ఎవరి షెడ్డులోనో మూలపడ్డ విమానాలు, పోయినవాళ్ల సామాను వేలాలు, విస్కాన్సిన్‌లోని ఆష్కాష్‌లో ఏటా జులైలో జరిగే విమానాల తిరునాళ్లు. అప్పుడప్పుడూ అదృష్టం కలిసొచ్చి 1940ల నాటి కాగితం డబ్బాలో, ఇప్పటిదాకా ఎవరూ విప్పని కొత్త ముక్కే దొరుకుతుంది. అది అసలుదే. కానీ ఎనభై ఏళ్లు డబ్బాలో ఉన్న రబ్బరు కూడా ఎనభై ఏళ్ల రబ్బరే. అసలుది అన్నంత మాత్రాన మంచిది అయిపోదు.

రెండోది, అనుమతి ఉన్నవాళ్లు చేసినది కొనడం. ఇలాంటి పాత విమానాల కోసమే అనుమతి పొంది భాగాలు చేసే కంపెనీలు అమెరికాలో కొన్ని ఉన్నాయి. విమానాల బోల్టు తల మీద నక్షత్రం లాంటి గుర్తుంటుంది. వీధి చివర హార్డ్‌వేర్ షాపులో అదే సైజు బోల్టు చాలా చవకగా దొరుకుతుంది. చూపుకి తేడా కనపడదు. తేడా ఆ బోల్టు పుట్టుక మీద ఒకరు సంతకం పెట్టడంలో ఉంది.

చెక్కకీ అంతే. రెక్క వెన్నుకి వాడేది సిట్కా స్ప్రూస్, ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలో పెరిగే చెట్టు. నార 15 అంగుళాల పొడవులో ఒక అంగుళం కన్నా పక్కకి వాలకూడదు. అంగుళానికి కనీసం 6 వార్షిక వలయాలుండాలి. అంటే తొందరపడి పెరిగిన చెట్టు పనికిరాదు. రెక్క చివర ఎప్పుడైనా నేలకి తగిలి ఉంటే వెన్ను చెక్కలో నారకి అడ్డంగా వెంట్రుకంత పగులు పడుతుంది. వార్నిష్ కింద దాక్కుంటుంది. టార్చి లైటు ఏటవాలుగా పట్టి చూస్తే తప్ప కనపడదు. పెద్దాయన ఆ పని చేసే రోజు రేడియో కూడా ఆపేస్తాడు.

మూడో దారి, సొంతంగా చేసుకోవడం.

మాకు కావాల్సింది అరచెయ్యంత బ్రాకెట్. తోక దగ్గరి ఎలివేటర్ని పైకీ కిందికీ లాగే తీగ ఒక కప్పీ మీదుగా వెళుతుంది. ఆ కప్పీని పట్టుకుని ఉండే ఉక్కు రేకు ముక్క అది. వంపు దగ్గర సన్నటి పగులు కనపడింది. అమ్మేవాళ్లు దొరకలేదు. కొలిచి గీయమని నా చేతికిచ్చాడు.

కొలవడం మొదలుపెట్టాకే ఇందులో తిరకాసు ఉందని తెలుస్తుంది. అరిగిన ముక్కని కొలిస్తే అరుగుదలని కూడా కొలిచినట్టే. రంధ్రం 1946లో గుండ్రంగా ఉండి ఉంటుంది, ఇప్పుడు కోడిగుడ్డు ఆకారంలో ఉంది. వంపు కొంచెం తెరుచుకుంది. అది డిజైనా, దెబ్బా? మరో రెండు విమానాల వాళ్లని బతిమాలి వాళ్ల బ్రాకెట్లూ కొలిచాం. మూడు కొలతలూ మూడు రకాలు. మూడింటి వెనకా ఉన్న ఒక్క డ్రాయింగుని ఊహించి గీయాలి. పాత తాళపత్రాల ప్రతులు పక్కపక్కన పెట్టి మూలపాఠం తేల్చేవాళ్ల పని ఇలాగే ఉంటుందేమో.

రేకుకి కూడా చెక్కలాగే నార ఉంటుందని అప్పుడే తెలిసింది. మిల్లులో ఏ వైపు సాగదీశారో ఆ దిశ అది. వంపు దానికి అడ్డంగా రావాలి, వెంబడి వస్తే ముందుముందు పగులుతుంది. ఇంకో సంగతీ తెలిసింది. కొంచెం మందం రేకు వాడదామా, గట్టిగా ఉంటుంది కదా అని నేనడిగితే పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. బరువు ఎక్కడికీ పోదు. ఈ ముక్క వంగనని మొండికేస్తే ఆ భారం దాన్ని పట్టుకున్న గొట్టం అతుకు మీద పడుతుంది. ఈసారి పగులు అక్కడ, ఎవరూ చూడని చోట వస్తుంది. బాగుచేయడమంటే బలం పెంచడం కాదు. పక్కవాటితో ఆ ముక్కకున్న ఒప్పందం చెడగొట్టకుండా ఉండటం.

*

డ్రాయింగు పట్టుకుని పక్క ఊళ్లో ఒక వర్క్‌షాపుకి వెళ్లాం. యజమాని కాగితం చూసి, పెద్దాయన టోపీ మీదున్న విమానం బొమ్మ చూసి, నవ్వుతూ అన్నాడు: ‘‘ఇది దేనికో నాకు చెప్పకండి. చెప్పకపోతే చేసిస్తాను.’’

ఆయన్ని తప్పుపట్టలేం. విమానం కూలితే దావా వేసేవాళ్లు బోల్టు చేసినవాడి దాకా వస్తారు. ఆయన భీమా అలాంటి పనులకి వర్తించదు. ‘చెప్పకండి’ అనేది ఈ రంగంలో అందరికీ తెలిసిన మర్యాద లాంటిది. చాలామంది కొబ్బరి తోట నీటి పంపు కోసమన్నట్టు ఏదో చెప్పి పని చేయించుకుంటారు.

పెద్దాయన దేనికో చెప్పేశాడు. షాపాయన సారీ అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చాం.

కార్లో అడిగాను: డ్రాయింగు పక్కాగా ఉంది, రేకుకి సర్టిఫికెట్ ఉంది, చేశాక మీరూ మెకానిక్కూ ఎలాగూ పరీక్షిస్తారు. ఆయనకి తెలియడంవల్ల ముక్కలో ఏం మారుతుంది?

‘‘చేతిలో ఏముందో తెలిసినవాడు వంపు దగ్గర చిన్న గీత పడితే ఆగుతాడు. తెలియనివాడు దాన్ని పాలిష్ పట్టి అందంగా చేసిస్తాడు.’’

జవాబు బాగుంది, పనివాడి జవాబు. నాకు దాని వెనక ఇంకొకటి కూడా కనపడింది. పని దేనికో తెలిసినవాడికి కాదనే హక్కుంటుంది. ఆ షాపాయన ఆ హక్కు వాడుకున్నాడు కూడా. చెప్పకుండా చేయిస్తే ఆయన్ని మనిషిగా కాక లేత్ మెషీనుకి తగిలించిన చెయ్యిగా వాడుకున్నట్టు. ఆయనే వద్దన్నాడు కదా అనొచ్చు. నిజమే, తెలియకుండా చేసినవాడికి పాపం అంటదంటారు. మరి తెలియనివ్వకుండా చేయించినవాడి సంగతి?

*

చట్టం ఈ విషయంలో రెండు చోట్ల మాట్లాడుతుంది. రెండూ కలిపి చదివితే ఆసక్తిగా ఉంటుంది.

1994లో అమెరికా ఒక చట్టం చేసింది. చిన్న విమానం అమ్మిన 18 ఏళ్ల తర్వాత ప్రమాదం జరిగితే, కొన్ని మినహాయింపులు తప్ప, తయారీదారు మీద దావా చెల్లదు. పూచీకి గడువు పెట్టారన్నమాట. కానీ కొత్త భాగం వేస్తే ఆ భాగం వరకూ మళ్లీ 18 ఏళ్ల లెక్క మొదటినుంచి మొదలవుతుంది. దావాల భయంతో చిన్న విమానాల తయారీ దాదాపు ఆగిపోయిన రోజుల్లో వచ్చిన చట్టం, దానికి కారణాలున్నాయి. కానీ అర్థం ఏమిటి? ఎనభై ఏళ్ల విమానానికి దాన్ని కన్నవాళ్ల పూచీ ఎప్పుడో తీరిపోయింది. అయినా అది ఎగురుతోంది, మనుషుల్ని మోస్తోంది. ఆ పూచీ ఎక్కడికెళ్లింది?

రెండో చోట జవాబుంది. విమానాల్లో ఎలాంటి భాగాలు వాడొచ్చో చెప్పే 21.9 నిబంధనలో, యజమాని తన విమానం కోసం తాను తయారుచేసుకున్న భాగానికి కూడా చోటుంది. తయారుచేసుకోవడమంటే? 1990ల్లో ప్రభుత్వ న్యాయవాదులు వివరణ ఇచ్చారు. యజమాని స్వయంగా లేత్ తిప్పక్కర్లేదు. డిజైన్ ఇవ్వడమో, లోహం ఇవ్వడమో, ఎలా చేయాలో చెప్పడమో, నాణ్యత ఎలా చూడాలో నిర్ణయించడమో, దగ్గరుండి చేయించడమో, వీటిలో ఏదో ఒకటైనా చేసి ఉండాలి. ‘ఇలాంటిది ఒకటి చేసిపెట్టు’ అని పాత ముక్క ఇచ్చి డబ్బు కట్టి వెళ్లిపోతే కుదరదు. అలా చేసుకున్నది తన విమానానికే, ఊళ్లోవాళ్లకి అమ్మడానికి కాదు.

పొడి గుమాస్తా భాషలో ఉన్న ఈ నిబంధన నాకు మంచి నీతి వాక్యంలా వినపడుతుంది. డబ్బు ఇస్తే వస్తువు నీదవుతుంది, పూచీ కొనుక్కోవడానికి దొరకదు. అది పనిలో చెయ్యిపెడితేనే వస్తుంది.

పూచీ లేని ముక్క ఏం చేస్తుందో పెద్ద విమానాల లోకం చూసింది. 1989 సెప్టెంబరు 8న ఓస్లో నుంచి హాంబర్గ్ వెళుతున్న పార్ట్‌నేర్ సంస్థ కాన్వేర్ విమానం సముద్రంలో కూలింది. 55 మందిలో ఎవరూ మిగల్లేదు. నార్వే దర్యాప్తులో తేలిన కారణాల్లో ఒకటి, తోకని పట్టి ఉంచే బోల్టులూ పిన్నులూ అసలైనవి కావు, కావాల్సినంత గట్టివీ కావు. ఎక్కడో ఎవరో అవి చేశారు, ఎవరో అమ్మారు, ఎవరో బిగించారు. చూపుకి అన్నీ ఒకేలా ఉన్నాయి.

*

మళ్లీ థీసియస్ ఓడ దగ్గరికి వస్తాను. ఆ ప్రశ్న అమాయకమైనది కాదని ఇప్పుడనిపిస్తుంది.

పాత విమానాల మార్కెట్లో ‘అన్నీ అసలు భాగాలే’ అన్న మాటకి ధర ఉంది. అందుకని కొత్తగా చేసిన ముక్కని పాతదిలా కనపడేట్టు మసి పూసేవాళ్లున్నారు. గ్యారేజీలో రాత్రికి రాత్రి చేసి, లాగ్‌బుక్కులో ఒక్క ముక్క రాయకుండా బిగించేవాళ్లున్నారు. వాళ్లందరూ దొంగలు కారు. చాలామంది ఆ విమానాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లే. ‘ఇది అదే విమానం’ అనిపించుకోవాలన్న ఆశ వాళ్లచేత అబద్ధం ఆడిస్తుంది. అసలుతనాన్ని మనం ఎంత నెత్తిన పెట్టుకుంటే, మార్పుని దాచాలన్న కోరిక అంత పెరుగుతుంది. పాత వస్తువుల మీద ప్రేమే నకిలీకి పెట్టుబడి అవుతుంది.

పూచీని కొలతగా పెట్టుకుంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు దాచాల్సింది ఏమీ ఉండదు. మారిన ప్రతి ముక్కా, ఎవరు మార్చారో చెబుతున్నంత కాలం, విమానాన్ని తక్కువ చేయదు. నాగసేనుడు చెప్పినట్టు రథం ఒట్టి పేరే కావచ్చు. కానీ ఆ పేరు నిలబడాలంటే ముక్కల వెనక పేర్లుండాలి.

ఇంత గొడవ ఎందుకు, పాతదాన్ని మ్యూజియంలో పెట్టి కొత్తది కొనుక్కోవచ్చు కదా అని మీరడగొచ్చు. ఇదంతా తీరికా డబ్బూ ఉన్నవాళ్ల సరదా అని కూడా. కొంత నిజం. కొత్త చిన్న విమానం ధర ఆ పెద్దాయన ఇంటి ధర కన్నా ఎక్కువ, ఆ సంగతి పక్కన పెడదాం. నా బాధ వేరే. నేను సాఫ్ట్‌వేర్‌లో బతికేవాణ్ణి. ఎవరు రాశారో తెలియని కోడ్ మీద కోడ్ పేర్చి, అందులో ఏదైనా పగిలితే ‘అది మాది కాదు’ అనడానికి వీలుగా ఒప్పందాలు రాసుకునే లోకం మాది. ఫోను పాడైతే బాగుచేసేవాడు ఉండడు, మార్చేవాడు ఉంటాడు. పూచీ ఎలా ఉంటుందో కళ్లతో చూడటానికి నాకు దొరికిన చోటు ఆ షెడ్డు. ఆడటం ఆపేసిన కంపెనీ వస్తువుని, దానితో చుట్టరికం లేని మనిషి తన మీద వేసుకుంటున్నాడు.

చివరికి రేకు పెద్దాయనే కోసి వంచాడు. వెల్డింగ్ చేసినావిడకి అది దేనికో ముందే చెప్పాం. ఆవిడ రెండు రోజులు ఆలోచించుకుని సరేనంది. మెకానిక్ పరీక్షించి లాగ్‌బుక్కులో రాశాడు. డ్రాయింగు, రేకు సర్టిఫికెట్, ఎవరేం చేశారో రాసిన కాగితం ఒక ఫైల్లో పెట్టి పెద్దాయన కింద సంతకం చేశాడు. రేపు అమ్మితే ఈ ఫైలు చూసి కొనేవాడు ధర తగ్గించమంటాడేమో అన్నాడు మెకానిక్. ‘‘అడగనీ, అడగడానికేగా పెట్టింది’’ అన్నాడాయన.

ఏరోంకా చీఫ్‌కి మన దేశంలో ఒక చెల్లెలుంది. బెంగళూరు హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వాళ్లు ఈ నమూనా ఆధారంగా ఒక శిక్షణ విమానం చేశారు. 1958లో మొదటిసారి ఎగిరింది, దాదాపు 150 తయారయ్యాయి. దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఒక తరం పైలట్లు దాని మీదే నేర్చుకున్నారు. దాని పేరు పుష్పక్.

పేరు పెట్టినవాళ్లు నవ్వుకునే పెట్టి ఉంటారు, అందులో ఉన్నవి రెండే సీట్లు. మన కథల్లో పుష్పక విమానం గొప్ప ఏమిటంటే, ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుంది. చిన్నప్పుడు అది మాయ అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ ఇంకొకరు ఎవరో కొంచెం తెలుసు. ఈ విమానాన్ని పదేళ్ల తర్వాత కొనే మనిషి. ఆ మనిషి పక్క సీట్లో సరదాగా ఎక్కే ఏ పన్నెండేళ్ల పిల్లో. వాళ్లు బ్రాకెట్‌ని చూడరు, మమ్మల్ని ఎరగరు, మేం ఇచ్చిన మాట వినలేదు. అయినా ఆ పిల్ల బరువు ఆ రేకు మీదే ఉంటుంది. రేకు వంచేటప్పుడు ఆమెకి కూడా చోటు ఉంచి వంచాలి.